గిన్నె ముందు మా బావ

మా బావ హుస్నాబాద్‌లో ఆటో నడిపేవాడు. కల్లు దుకాణం కనబడితే ఆ ఆటో బ్రేక్ వేయకుండానే ఆగేదని నేను కాదు, ఊరంతా సాక్ష్యమిస్తుంది. అలాంటి మనిషి ఒకరోజు చర్చిలో మోకరించి, ప్రభువు సాయంతో ఇక చుక్క కూడా ముట్టనని మాటిచ్చాడు. ఆ తర్వాత పుల్లటి మజ్జిగను కూడా పోలీసులా అనుమానంగా చూసేవాడు.

అంతలో చర్చిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఆదివారం వచ్చింది. బావ రొట్టె తీసుకున్నాడు. చిన్న గిన్నె ముందుకు రాగానే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"తమ్మీ, ఉత్త ద్రాక్షరసమే. పొద్దుగాల నేనే పిండిన," అన్నారు పాస్టరు అయ్యగారు.

"మీ మీద నమ్మకమే అయ్యగారూ. నా గొంతు మీదనే లేదు. జర పులిసినా నన్ను గా దుకాణం దాకా గుంజుకపోతది."

ఆడవాళ్ల వరుసలోంచి మా అక్క లేచి వచ్చింది. ఇరవై ఏళ్లు రోజూ మొగుడి నోరు వాసన చూసిన ముక్కు అది. జిల్లాలో ఏ ఆబ్కారీ అధికారికీ అంత అనుభవం లేదు. గిన్నె వాసన చూసి, "ఏం లేదు, తాగు" అని తీర్పు చెప్పింది.

బావ కళ్లు మూసుకుని తాగాడు. తాగి, అడగకుండానే ఆమె ముందు నోరు తెరిచి, "చూస్కో" అన్నాడు.

అక్క చూడలేదు. కొంగుతో ఆయన మూతి తుడిచి, "నడువు, ఎనుకోళ్లు ఆగిండ్రు" అంది.