నలభై ఏడో బిళ్ళ

ప్రమాదాలే లేవట! యాభై రెండేళ్ళు నడిచిన కలప మిల్లులో ఒక్కటంటే ఒక్క ప్రమాదం జరగలేదట! మిల్లుని మ్యూజియం చేశాక గుమ్మంలోనే ఇంతింత అక్షరాలతో రాసి పెట్టారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

రెండు కొండల మధ్య ఇరుకులో ఉంటుంది మా ఊరు. పైన నరికిన దుంగలు ఏట్లో తేలుతూ వచ్చేవి, కింద మిల్లు కోసేది. మిల్లు కూత వేస్తే లేచేవాళ్ళం, కూత వేస్తే తినేవాళ్ళం. కొండలు బోడిగా మిగిలాక యజమానులు చేతులు దులుపుకుని పోయారు. ఇప్పుడు ఊరంతా లాడ్జీలు, కాఫీ కొట్లు. నేను లాడ్జీలో గదులు ఊడుస్తాను, మా పిన్ని ఆ మ్యూజియంలో తుడుస్తుంది.

మా బాబాయి ఆ మిల్లులోనే, పెద్ద రంపం కింద పడి చనిపోయాడు. మరి ప్రమాదం లేదంటారేంటి? అదే చెప్తున్నా వినండి. గేటు దగ్గర చెక్క పలక ఒకటి ఉండేది. ఒక పక్క 'లోపల', ఇంకో పక్క 'బయట' అని రాసి, వరసగా మేకులు. ఒక్కొక్కరికి అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ. పనిలోకి వెళ్తూ దాన్ని 'లోపల' తగిలించాలి, ఇంటికెళ్తూ 'బయట'కి మార్చాలి. ఎవరికైనా దెబ్బ తగిలిందా, మేస్త్రీ పరిగెత్తేది డాక్టర్ కోసం కాదు, బిళ్ళ కోసం! టక్కున 'బయట'కి మార్చేసేవాడు. అంతే, ఆ మనిషి ఆ పూట పనికే రానట్టు. బాబాయిది నలభై ఏడు. సెలవు పెట్టిన రోజున దొంగచాటుగా లోపలికి దూరి చచ్చాడని కాగితం రాసి పిన్ని చేతిలో పెట్టారు. దొంగచాటుగా! పొద్దున్నే క్యారేజీ కట్టి పంపింది తనే కదా!

ఇప్పుడా పలక మ్యూజియం గోడకుంది. బిళ్ళలన్నీ బయటే. పిన్ని రోజూ తుడుస్తూ నలభై ఏడుని 'లోపల'కి మార్చేది, మేనేజరు రోజూ వెనక్కి మార్చేవాడు. ఏడాదిగా ఇదే వరస. మొన్న ఆయన పిలిచాడు.

"పాత వస్తువులమ్మా, ముట్టుకోకూడదు. ఇంకోసారి చేశావంటే పని పోతుంది."

"ముట్టుకోకూడదా బాబూ? ఆ మాట ఆ రోజు మేస్త్రీకి చెప్పాల్సింది."

"రికార్డుల్లో ప్రమాదమే లేదు మరి."

"అయితే గోనెపట్టాలో చుట్టి మా ఇంటికి తెచ్చింది ఎవర్ని?"

నిన్న పొద్దున పిన్ని నాకు ఫోన్ చేసింది. "మీ బాబాయి పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ పట్రావే. పెద్ద స్క్రూ ఒకటి కూడా."

వెళ్ళేసరికి హాలు నిండా జనం. పిన్ని ఎవర్నీ పట్టించుకోలేదు. బిళ్ళని 'లోపల' పెట్టి, దాని చిల్లులోంచి స్క్రూ దూర్చి, పళ్ళు బిగబట్టి తిప్పింది. తల బిళ్ళకి బిగుసుకునేదాకా తిప్పింది. మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు. పిన్ని తుడుపుకర్ర ఆయన చేతిలో పెట్టింది.

"పని మీది, తీసుకోండి. మొగుడు నావాడు."

చచ్చిన ముప్పై ఏళ్ళకి, నిన్న, మా బాబాయి పనిలో ఉండగా పోయాడు.