మెడ తిప్పలేదని

ఈ రోజు పొద్దున రెంటచింతల సెంటర్లో టీ తాగుతుంటే వెనక నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. నాకు వెన్నుపూసల కీళ్ళవాతం. నిద్ర లేచాక రెండు గంటల దాకా మెడ తిరగదు, పక్క మనిషిని చూడాలన్నా ఒళ్ళంతా తిప్పాలి. గ్లాసు కింద పెట్టేలోపే ఆ గొంతు పెరిగింది.

"పిలుస్తుంటే మెడ తిప్పవేందిరా? మీ అన్న సర్పంచయ్యాడని అంత పొగరా?"

శేషయ్య బాబాయ్ గొంతది. ఎన్నికల్లో ఆయన తమ్ముడు మా అన్న చేతిలో ఓడిపోయినప్పటి నుంచి మా రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. కొట్లో ఎవరో బెంచీ మీద నుంచి లేచిన చప్పుడైంది.

"పొగరు కాదు బాబాయ్, జబ్బు. పొద్దున పూట వెన్ను బిగుసుకుపోద్ది."

"ముప్పై ఏళ్ళకే ఏం జబ్బురా? నాలుగు రోజులు పడుకుంటే అదే పోద్ది."

"పడుకుంటేనే ఎక్కువవుద్ది. నడిస్తే కాస్త వదులవుద్ది."

చెబుతూ మెల్లగా తిరగబోయాను. "ఉండు, తిరగమాక," అని ఆయనే చుట్టూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "బయట నీ బండికే తాళం వదిలేశావు. అది చెబుదామనే పిలిచా."

బిగుసుకుపోయింది నా ఒక్కడి మెడే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మీ ఊళ్ళో ఈ మెడ తిప్పని జబ్బు ఎంతమందికుందో చెప్పండి.