పక్కింటి బద్దెపురుగు

గోదావరిఖని క్వార్టర్లల్ల పదేండ్ల సంది ఉంటున్న. అయినా పక్కింట్ల కరివేపాకు రెబ్బ అడగాలంటే నాకు నామోషీ. మా ఆవిడ పంపితే గేటు దాక పొయ్యి, ‘వాళ్లు ఇంట్ల లేరు’ అని అబద్ధమాడి ఉట్టి చేతులతోని తిరిగొచ్చేటోన్ని. మాది మంథని. కోడిగుడ్డు గూడ గడప లోపలికి రాని ఇల్లు. గనుల ఆఫీసుల గుమాస్తా నౌకరి. గంత సిగ్గున్న మనిషిని, ఒక పొద్దుగాల చేసిన పనికి నన్ను నేనే చెప్పుతోని కొట్టుకోవాలె.

కడుపునొప్పి పట్టుకుంటే దవాఖానకు పోయిన. డాక్టరు మలం పరీక్ష రాసిండు. మూత ఉన్న చిన్న డబ్బీ చేతిల పెట్టి, పొద్దుగాలది తీస్కరమ్మన్నరు. నాకేమో మూడు దినాల సంది రాక సస్తున్న! వేడినీళ్లు తాగిన, అరటిపండ్లు తిన్న, వాకిట్ల అటిటు తిరిగిన. ఊహూ. ఖాళీ డబ్బీ కిటికిల కూసొని నన్నే చూస్తున్నది. రిపోర్టు పెట్టకుంటే సిక్కు లీవు పాస్ కాదు.

పక్కింటి కాక బొగ్గుబాయిల పనిజేస్తడు. ఫస్టు షిఫ్టుకు తయారైతున్నోడు గోడ మీదికెళ్లి తొంగిచూసిండు.

“ఏంది పంతులు, మొఖం గట్ల ఏలాడేసినవ్?”

చెప్పిన. కాక పకపక నవ్విండు. “గింత దానికి ఫికరెందుకు? నాకు షిఫ్టు సైరను కంటె ముందే అయితది. డబ్బీ ఇటియ్యి!”

వద్దనాలె నేను. అనలే. ఐదు నిమిషాలకు డబ్బీ గోడ మీదికెళ్లి నా చేతికొచ్చింది, ఇంక వెచ్చగనే ఉన్నది. పైన నా పేరు రాసి ఇచ్చొచ్చిన.

సాయంత్రం రిపోర్టుకు ఆలుమగలం ఇద్దరం పోయినం. ల్యాబు అక్క మస్తు ఖుషీగ ఉన్నది.

“అన్నా, మీ కడుపుల బద్దెపురుగున్నది! గజాల పొడుగు రిబ్బను తీరు పెరుగుతది. గుడ్లు చూస్తే ఏ జాతో చెప్పరాదు. మీ అదృష్టం, దాని తెల్లముక్క గూడ దొరికింది. రెండు అద్దాల నడుమ పెట్టి లోపలి గర్భసంచి కొమ్మలు లెక్కపెట్టిన. పందిది. సరిగ ఉడకని పంది మాంసం ఎక్కడ తిన్నరన్నా?”

తరువాత ఆమె చెప్పింది గూడ చెవుల పడ్డది. మందు ఏసుకోకుంటే దాని గుడ్లు చేతులకంటి నోట్లెకు పోతయట, తలకాయల చేరి ఫిట్సు తెస్తయట, ఇంట్లోళ్లకు గూడ.

షేర్ ఆటోల మా ఆవిడ నాకూ తనకూ నడుమ ఇద్దరు పరాయోళ్లను కూసోబెట్టింది. ఇంటికొచ్చినంక ఒక్కటే ఏడుపు.

“పదేండ్ల సంసారం! నాకు చెప్పకుండా తిన్నారా? రేపు వ్రతంల మీ పక్కన పీట మీద కూర్చోను. వంటింటి గడప తొక్కకండి.”

ఆమె ఏడిస్తే నాకు చూడబుద్ధి కాదు. కని ఏమని చెప్పాలె? పంది మాంసం తిన్ననని ఒప్పుకునుడు నయమా, పక్కింటాయనది అడుక్కున్ననని ఒప్పుకునుడు నయమా? నిజం చెప్తున్న, మొదటిదే నయమనిపించింది. వాకిట్ల కూసొని దానికే సిద్ధపడ్డ.

గప్పుడే గోడవతల కాక మనుమరాండ్లిద్దరికి పెరుగన్నం చేతితోని కలిపి, ముద్దలు చేసి తినిపిస్తున్నడు. ల్యాబు అక్క చెప్పిన మాట యాదికొచ్చింది. డాక్టరు రాసిన మందు చీటీ నా జేబుల ఉన్నది, పురుగు కాక కడుపుల ఉన్నది. ఇగ ఆగలే. గోడ దుంకినంత పని చేసి అంత చెప్పేసిన.

కాక ముద్ద కింద పెట్టిండు. “నాదా? దీని పాడుగాను, నా కడుపులనే దొరికిందా దీనికి జాగ!” అని చెయ్యి కడుక్కొని సీదా మా గుమ్మంల నిలవడ్డడు.

“అమ్మా, ఆ పురుగు నాది. పంతులు ఏం తినలే, పాపం. డబ్బీ నేనే నింపిచ్చిన. రేపు పోయి నా పేరు మీద పరీక్ష చేయించుకుంట. మీరు ఏడ్వకుండ్రి.”

మా ఆవిడ కండ్లు తుడుచుకున్నది. కాకను చూసింది, నన్ను చూసింది. బతికిపోయిన అనుకున్న.

“మాంసం తిన్నారంటే ఎప్పటికో అప్పటికి క్షమించేదాన్ని,” అన్నది. “పదేండ్లల్ల పక్కింట్ల కరివేపాకు రెబ్బ అడగలేకపోయిన్రు. అడగక అడగక ఇదా మీరు అడిగేది?”