పడవ ముక్కున శౌరమ్మ

శౌరయ్యకు పెళ్ళాం మొహం కంటే వీపే ఎక్కువ తెలుసని రేవులో అందరూ వేళాకోళం చేసేవారు. అందులో అబద్ధమేమీ లేదు. బెజవాడలో బ్యారేజీకి ఎగువన తిరిగే మిషను ఆసుపత్రి పడవకు అతను సరంగు. నర్సు ఎలిజబెత్తమ్మగారిని, మందుల పెట్టెను ఎక్కించుకుని లంకలకు వెళ్ళడం, అక్కడ జబ్బు మనిషో, నొప్పులు పడుతున్న ఆడమనిషో ఉంటే ఇవతలికి చేర్చడం అతని ఉద్యోగం. అతను వెనక, ఇంజను దగ్గర. శౌరమ్మ ముందు, పడవ ముక్కు మీద. మధ్యలో ఎండకు కట్టిన గుడ్డ. ఆ గుడ్డ మీదుగా అతనికి కనిపించేది ఆవిడ కొప్పు, వీపులో సగం.

ఆవిడ అక్కడ కూర్చునేది నది అందం చూడ్డానికి కాదు, బరువు కోసం. డెబ్బై రెండులో పైదేశపు విశ్వాసులెవరో ఆ ఇంజను పంపించారు. అంతకుముందు గడ, తెడ్డు తప్ప ఎరగని పడవ అది. ఇంజను బంగారంలాంటిదే గాని, దానికీ పడవకూ జోడీ కుదర్లేదు. వేగం పెంచగానే పడవ వెనక భాగం నీళ్ళలో కూలబడి, ముక్కు ఆకాశం వంక లేచేది. ఎదర ఇసుక మేట ఉన్నదీ లేనిదీ కనపడేది కాదు. ఫాదర్ గారు ప్రార్థన చేసి తీర్థం చల్లిన రోజునే పడవ పోయి పోయి మేటెక్కి కూర్చుంది.

ముందు బరువు పెట్టమన్నారు తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ. శౌరయ్య ఇసుక బస్తా వేశాడు. పరుగులో బాగానే ఉంది. తీరా రేవు దగ్గరపడి వేగం తగ్గించేసరికి బస్తా బరువుకు ముక్కు బురదలో దిగబడిపోయింది. నలుగురు మోకాలి లోతు బురదలో దిగి తొయ్యాల్సి వచ్చింది. ఒడ్డున నిలబడి ఈ భాగోతమంతా చూసిన శౌరమ్మ చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టింది.

"బస్తాకి కాళ్ళుంటాయా ఏంటి? నేను కూర్చుంటాలే. రేవు రాంగానే లేచి వెనక్కొస్తా" అంది.

శౌరమ్మ నిండైన మనిషి. ఆవిడ కూర్చుంటే ముక్కు ఒద్దికగా దిగేది. మేటలుంటే చెయ్యెత్తి చెప్పేది. రేవు రాగానే లేచి, గుడ్డ కింద వంగి నడిచి మొగుడి దగ్గరకు వచ్చేది. అప్పుడు ముక్కు తేలికై మెత్తగా ఒడ్డెక్కేది. అలా ఎండలనక, చలనక ఏళ్ళు గడిచాయి. శౌరయ్య దాన్ని పెద్ద సంగతిగా ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో వంట చేస్తుంది, పడవలో బరువవుతుంది, అంతే. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి, ఏం చెప్పమంటారు.

ఆ తరవాత ఒక వర్షాకాలంలో శౌరమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కింది గాని ఒళ్ళు సగమైంది. లేచి తిరుగుతూనే మళ్ళీ ముక్కున కూర్చుంటే, ముక్కు ఆవిణ్ణి ఎత్తుకుని మరీ పైకి లేచింది. పక్కన చిన్న బస్తా ఒకటి సాయం పెట్టాడు శౌరయ్య. "బస్తాకి నన్ను తోడు పెట్టావా, నాకు బస్తాని తోడు పెట్టావా?" అని ఆవిడ నవ్వింది. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. ఆ దగ్గు మరి తగ్గలేదు.

ఎలిజబెత్తమ్మగారు శౌరయ్యను పక్కకు పిలిచింది.

"ఇంకో చలికాలం ముక్కున కూర్చుని ఆ నీటి జల్లులో తడిసిందంటే నీ భార్య దక్కదు శౌరయ్యా. దింపెయ్యి. పడవ ఆగితే ఆగనీ."

పడవ ఆగితే లంకలవాళ్ళ గతేమిటి? ఆగకపోతే శౌరమ్మ గతేమిటి? శౌరయ్యకు ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి గుణదల మాతకు మొక్కుకుని, ఆటోనగర్ దారి పట్టాడు. అక్కడ లారీలు బాగుచేసే వెంకటసుబ్బారావు అనే లేతు మిషను ఆయన ఉన్నాడు. ఆయన పడవ ఇంజను ఎన్నడూ చూడలేదు. అయినా ఆదివారం నాడు పనిమాలా రేవుకొచ్చి, పడవలో అటూ ఇటూ తిరిగి, ఇంజను పైకెత్తించి ఫ్యాను పైన ఉన్న చిన్న పలకను వేలితో కొట్టి చూశాడు.

"ఇదిగో, నీళ్ళు దీని కిందనించి పోతున్నాయి. దీనికి రెండు పక్కలా రెక్కల్లాగా రేకు బిగిద్దాం. పరిగెత్తేటప్పుడు నీళ్ళే వెనక భాగాన్ని పైకెత్తి పట్టుకుంటాయి. వెనక లేస్తే ముందు దిగదా?"

"దిగుద్దంటారా?"

"దిగకపోతే పీకేద్దాం, ఏం పోయింది!"

ఆయనకేం, అంటాడు. పలకకు బెజ్జాలు వెయ్యాలి. పోత పోసిన సరుకు. పగిలితే అతికేవాడు ఈ జిల్లాలో లేడు. సుబ్బారావు డ్రిల్లు తిప్పుతున్నంతసేపూ శౌరయ్య జపమాల తిప్పాడు. బెజ్జాలు శుభ్రంగా పడ్డాయి. దళసరి అల్యూమినియం రేకును రెక్కల్లా కోసి, అంచులు నున్నగా ఆకురాయి పట్టి, వెనక అంచును కాస్త వంచి, బోల్టులు బిగించారు. ఇద్దరూ ఉత్సాహంగా పడవ తీస్తే, ముక్కు మునుపటి కంటే ఎత్తుకు లేచింది! సుబ్బారావు వెల్లకిలా పడ్డాడు.

పడ్డవాడు పడ్డట్టే ఆలోచించాడు. వెనక అంచును పైకి వంచాడు తను. నీళ్ళు దాన్ని కిందికి తొక్కుతున్నాయి. లేచి, రెక్కలు విప్పి, తలకిందులు చేసి బిగించాడు. ఈసారి వేగం పెంచితే పడవ వెనక భాగం లేచి, ముక్కు బుద్ధిగా దిగి, నీళ్ళ మీద చదునుగా సాగిపోయింది. వేగం తగ్గిస్తే ముక్కు దానంతటదే తేలింది. ఖాళీ ముక్కు మీదుగా ఎదరంతా అద్దంలా కనపడుతుంటే శౌరయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సుబ్బారావు చేతులు పట్టుకుని, "నా ఇంటిదాన్ని నిలబెట్టారండీ, మీ మేలు మర్చిపోను" అన్నాడు. ఆయన మొహమాటపడి, లంక దోసకాయలు దొరికితే తెమ్మన్నాడు.

ఇంటికొచ్చి ఈ శుభవార్త చెబితే శౌరమ్మ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"అయితే రేకుముక్క చేసే పనికన్నమాట, ఇన్నేళ్ళు నన్ను కూర్చోబెట్టావు."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. మర్నాడు పొద్దున అతను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా కూడా రాలేదు.

మొదటి లంక కనుచూపు మేరకు వచ్చింది. పడవ చదునుగా సాగడంతో ఎలిజబెత్తమ్మగారి మందుల పెట్టె జారకుండా పెట్టినచోటే ఉంది. రేవులో ఆడవాళ్ళు మూగి ఉన్నారు. కొత్త రెక్కల సంగతి వీళ్ళకెలా చెప్పాలా అని శౌరయ్య మాటలు కూడబలుక్కుంటున్నాడు. ఇంతలో ఒడ్డున ఎవరో నెత్తి కొట్టుకోవడం కనిపించింది. ఆ వెంటనే ఏడుపు. పడవ ఒడ్డు తాకేసరికి రైతుల ఇంటి పెద్దావిడ మాణిక్యమ్మగారు బురదలోనే చతికిలబడి ఉంది.

"అయ్యో శౌరమ్మా! ఒక్క కబురన్నా లేకుండా పోయావా తల్లీ! ఖాళీ ముక్కు చూపించడానికి వచ్చావటయ్యా శౌరయ్యా!"

శౌరయ్య గతుక్కుమన్నాడు. నోరు తెరిచేలోపల పక్కనున్న సీతారావమ్మ ఏడుస్తూ అందుకుంది. "నా కోడలికి మగపిల్లాడని నది మధ్యలోంచే కేకేసి చెప్పింది. పడవ రాకముందే ఆవిడ గొంతొచ్చేది."

"మా చిన్నకోడల్ని నొప్పులతో పడుకోబెట్టి తీసుకెళ్ళిన్నాడు," అంది మాణిక్యమ్మగారు ముక్కు చీదుకుంటూ, "ముక్కు మీదనించి చెయ్యి వెనక్కి చాపి, దాని పాదం పట్టుకుని కూర్చుందంటయ్యా, బెజవాడ దాకా! వదల్లేదంట. ఆ చెయ్యి లేకపోతే భయానికే చచ్చిపోయేదాన్నని ఇప్పటికీ చెబుద్ది."

శౌరయ్య ఆ రోజు పడవ నడిపాడు. గుడ్డకు అవతల ఇదంతా జరిగింది. అతనికి కొప్పు కనిపించింది, అంతే.

"బతికే ఉందండీ!" అన్నాడు ఎట్టకేలకు. "ఇంట్లో ఉంది. చలికి దగ్గొస్తుందని నేనే వద్దన్నానండీ."

ఇక పడ్డాయి తిట్లు. మాణిక్యమ్మగారు లేచి చీర దులుపుకుని, బతికున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి జనాన్ని ఏడిపించినందుకు ఏడు తరాలూ కలిపి తిట్టింది. అతను తలవంచుకుని పడ్డాడు. తిట్లు అంత తియ్యగా ఉంటాయని అతనికి అంతవరకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో శౌరమ్మ కోసం పెసలు, నెయ్యి గిన్నె, జామకాయలు, కాళ్ళు కట్టేసిన నాటుకోడి ఉన్నాయి. సుబ్బారావు దోసకాయలు కూడా.

ఇంటికొచ్చి అన్నీ గుమ్మంలో దించి, జరిగింది చెప్పాడు. శౌరమ్మ వింటూ వింటూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎవరెవరు ఏడ్చారు?"

"అందరూ."

"సీతారావమ్మ కూడానా?"

"కుళాయిలాగా."

ఆవిడ కాసేపు కోడి కాళ్ళ ముడి విప్పుతూ కూర్చుంది. శౌరయ్య పక్కనే కూలబడ్డాడు.

"నువ్వు ఆ పిల్ల పాదం పట్టుకున్నావని నాకు ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళూ నీ వీపు తప్ప నాకేం కనపళ్ళేదు. పడవ నేను నడిపాననుకున్నా. నువ్వు లేకపోతే ఆ పడవ పడవే కాదు. నా మీద కోపముంటే తిట్టు గాని, రేపు రా. బరువుకి కాదు."

"మరి దేనికి?"

"ఊరికే."

మర్నాడు పొద్దున్నే ఆవిడ తల దువ్వుకుని, శాలువా కప్పుకుని అతని కంటే ముందు రేవులో ఉంది. గుడ్డ నీడన, జల్లు తగలనిచోట పీట వేశాడు శౌరయ్య. ఆవిడ ముక్కుకు వీపు పెట్టి, అతనికి ఎదురుగా కూర్చుంది. చిక్కిన మొహంలో కళ్ళు పెద్దవిగా కనిపించాయి. దారి పొడుగునా అతను నది కంటే ఆ మొహాన్నే ఎక్కువ చూశాడు. ఇంజను కింద రెక్కలు తమ పని తాము చేసుకుపోతున్నాయి.

రేవు దగ్గరపడింది. ఒడ్డున ఆడవాళ్ళు కేకలు మొదలుపెట్టారు. శౌరయ్య వేగం తగ్గించాడు. ముక్కు దానంతటదే తేలింది. అయినా శౌరమ్మ పాత అలవాటు కొద్దీ లేచి, వంగి నడుచుకుంటూ వెనక్కి వచ్చి అతని పక్కన కూర్చుంది.