నూతి గోడ ఫెర్న్

ఇది ఉద్దానం గుండెల్లోంచి పుట్టిన మహాకావ్యం. మృత్యువుతో మనిషి పోరాటం, దానికి ప్రకృతి సాక్ష్యం, అన్నీ ఇందులో ఉంటాయి అని మొదలుపెడదామనుకున్నాను. తీరా చూస్తే ఉన్నది జానెడు మొక్క. మనిషి మా బావ.

మా అక్కవాళ్ల ఊళ్లో తాగే నీళ్లు టిన్నుల్లో వస్తాయి. పెరటి నూతి నీళ్లు ఎప్పుడో మానేశారు. కిడ్నీలు చెడేది ఆ నీళ్లవల్లేనని కొందరు, కాదని కొందరు. ఎవరి మాట నెగ్గినా బావ రోజు విడిచి రోజు డయాలసిస్‌కి పలాస బస్సెక్కాల్సిందే. కొబ్బరిచెట్లెక్కి బతికిన మనిషి, బస్సు మెట్టెక్కడానికి నా భుజం పట్టుకునేవాడు.

ఆ నూతి గోడ రాళ్ల సందులో ఏడాది పొడవునా పచ్చగా ఉండే చిన్న ఫెర్న్ ఒకటి మొలిచింది. బావ దాన్ని నాచుతో సహా నాచేత తీయించి, పనసచెట్టు నీడలో కొబ్బరి పీచు డొక్కలో పెట్టించాడు. పక్కనే మంచం వేయించుకున్నాడు. డాక్టరు ఆయనకు రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్లే తాగమన్నాడు. నేను మొక్క మీద చెంబుతో చల్లుతుంటే రెప్ప వేయకుండా చూసేవాడు.

“దీని బతుకే నయంరా బామ్మర్దీ. ఎంత తాగినా ఒద్దనీవోడు లేడు.”

“అది ఒంటేలుకెల్లదు బావా.”

నవ్వాడు. నవ్వినందుకు చాలాసేపు ఆయాసపడ్డాడు.

ఎండలు ముదిరాక మొక్క పాలిపోయింది. దాన్ని చూసి బావ అన్నం సరిగా తినడం లేదని అక్క కంగారుపడింది. మా వైపు కొబ్బరిమొక్క పాలిపోతే మొదలు దగ్గర దోసెడు ఉప్పు వేస్తారు. అక్క దీనికీ వేసింది. ఆకుల అంచులు కాల్చిన కాగితంలా మాడిపోయాయి.

“ఉప్పేసినావేటి?” అన్నాడు బావ.

“కొబ్బరికేసినట్టే ఏసినాను. దీనిక్కూడా నీలాగే ఉప్పు పడదని నాకేటి తెలుసు!”

ఆయన నూతివైపు తిరిగి పడుకున్నాడు. “ఇది సచ్చిపోతే నా పనీ అయిపోయినట్టే.”

“నాటకాలాపు బావా. అది మొక్క, నివ్వు మనిసివి,” అని దాన్ని పీకి, వేళ్లు కడిగి, మాడిన ఆకులన్నీ కత్తిరించి, కొత్త ఆకుమట్టిలో పెట్టాను. మిగిలింది మొండి. దాని వంక చూసి జోకు వేద్దామనుకున్నాను, దొరకలేదు.

మొదటి వానలకు పిల్లితోకలా చుట్టుకున్న చిగురొకటి లేచింది. అక్క ఏడ్చింది. బావ, “సూసినావా!” అన్నాడు, తానే మొలిచినట్టు. మేమంతా ఆ చిగురును ల్యాబు రిపోర్టులా నమ్మాం. అది విచ్చుకుంది. పక్కన ఇంకోటి లేచింది. ఆ వానల్లోనే బావ పోయాడు, పలాస వెళ్లడానికి తయారవుతూ, చొక్కా బొత్తాలు సగం పెట్టుకుని.

మొక్క మాత్రం ఏమీ పట్టించుకోలేదు. సంవత్సరీకం నాటికి డొక్క పట్టనంత గుబురైంది. “నాను సూడలేనురా, నివ్వే పెంచు,” అని అక్క అందులో సగం నాకిచ్చింది. టెక్కలిలో నా అద్దెగది వెనక, ఎండ పడని మూల పెట్టాను.

విడదీసి నాటేటప్పుడు దుంపను లోతుగా పాతకూడదు. కుళ్లిపోతుంది.