రేవు చర్చిలో గంటె పట్టిన మా ఆయన

మాది కేసముద్రం. మా ఆయన గల్ఫ్‌లో ఒక రేవులో క్రేన్ నడుపుతాడు. అక్కడి చర్చిలో ఇంగ్లీషు ఆరాధన అయ్యాక, వెనక గదిలో మనవైపు కూలీలు పదిమంది మొదలుపెట్టిన తెలుగు ప్రార్థనకు ఇప్పుడు హాలు నిండా జనం. ఓడ దిగే వీల్లేని నావికులకు ప్రతి శుక్రవారం వీళ్లే వండి తీసుకెళ్తారు.

ఆ చర్చి వార్షికోత్సవానికి నన్ను వీడియో కాల్‌లో నాలుగు మాటలు చెప్పమన్నారు. పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో చూస్తే, నడుముకు తువ్వాలు, చేతిలో గంటెతో మా ఆయన! పక్కన ఎవరో అక్క, "అన్న చేసిన పచ్చిపులుసు లేకుంటే ఓడలోళ్లకు ముద్ద దిగదు" అని మురిసిపోతోంది. ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకోని మనిషి! నాకు కడుపు మండిపోయింది.

"ఓడలోళ్లకు పచ్చిపులుసా? నాకు జరమొచ్చి పండితే గింత గంజి కాసిచ్చినవా?" అని అరిచాను.

నా మాట మైకులో హాలంతా మోగింది. పాస్టరుగారితో సహా అందరూ పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నీ చేతి వంట యాదికొచ్చే నేర్చుకున్ననే" అన్నాడు ఆయన, తల దించుకుని.

అయినా నా కుళ్లు తీరలేదు. మొన్న సెలవుకు రాగానే గంటె చేతిలో పెట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచొచ్చిన మా ఆయన ఇంట్లో పచ్చిపులుసులో ఉప్పు మరిచిపోయాడు.

ఓడలవాళ్లకైతే మరిచిపోయేవాడా?