కినుయె కోసిన చేపలు

ఇసోయా సుషీ దుకాణానికి కోడలిగా వచ్చింది మొదలు కినుయె వంటింట్లోనే ఉండిపోయింది. ముందు గదిలో కొయ్య బల్ల వెనక నిలబడి, అన్నం ముద్ద మీద చేపముక్క అద్ది అందించడం మగవాళ్ల పని. మామగారి తరువాత అది ఆమె భర్త యాసుజి చేతికి వచ్చింది. మలుగు చేపల పని మాత్రం కినుయెది. పాములా జారిపోయే ఆ చేప తలకు మేకు దిగగొట్టి, ఒక్క ఊపున పొట్ట చీల్చి, వెన్నుముల్లు లాగేసి, సోయా, చక్కెర, సాకే అనే బియ్యపు సారా పోసి మెత్తగా ఉడికించడం అత్తగారు తిట్టి తిట్టి నేర్పింది. ఆ మలుగు కోసమే జనం రైలెక్కి వచ్చేవారు. వాళ్ల మెప్పంతా యాసుజికే దక్కేది. కినుయె ఏమీ అనుకునేది కాదు.

చేపలు తెచ్చేవాడు ఆమె తమ్ముడు షిగెకి. పొద్దున్నే సముద్రంలోంచి మలుగులు పట్టే బుట్టలు పైకి లాగి, ఆ తడి బూట్లతోనే వంటింట్లోకి వచ్చేసేవాడు.

"అక్కా, ఇవాళ్టివి బావ పొట్ట కంటే లావున్నాయి చూడు."

"ముందు ఆ బూట్లు విప్పి ఏడవరా. తుడవలేక చస్తున్నా."

రోజూ అదే మాట. అతనెప్పుడూ విప్పింది లేదు.

ఆ సెప్టెంబరులో, తుపాను దాటిపోయిందనుకుని షిగెకి బుట్టలు చూసుకోవడానికి వెళ్లాడు. సాయంత్రానికి పడవ బోర్లాపడి ఎదుటి దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. రేవులోని పడవలన్నీ పనులు మానుకుని వెతికాయి. చివరికి జాలర్ల సంఘం పెద్ద వచ్చి, షిగెకి భార్య మిచియో ముందు నడుం వంచి, ఇక వెతకడం చాలిద్దామన్నాడు.

ఆనాటి నుంచి ఊళ్లో ఎవరూ మలుగు ముట్టలేదు. అది సముద్రం అడుగున తిరిగే చేప. అడుగుకు చేరిందేదైనా తింటుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. గడ్డిచాపలు కుట్టే కువాబరా ప్రతి శనివారం ఇసోయాలో మలుగుతోనే భోజనం ముగించేవాడు. ఆ శనివారం యాసుజి అలవాటుగా మలుగు ముక్క తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులే, కడుపు బాగాలేదు. గుడ్డట్టు చాలు."

"అంత సాకే పోసినా కిక్కురుమనని కడుపు ఇప్పుడు బాగాలేదా!" అని పక్కనున్నాయన వేళాకోళం మొదలుపెట్టి, వంటింటి తెర వైపు చూసి గబుక్కున నోరు మూసుకున్నాడు. తెర వెనక కినుయె అన్నీ విన్నది.

యాసుజి దూరపు రేవు నుంచి మలుగు తెప్పించి, పై ఊరి సరుకని పలక మీద రాసి పెట్టాడు. అయినా పై ఊరివాళ్లే తిన్నారు. ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి చూస్తే, కినుయె చీల్చిన చేప పొట్టను వేళ్లతో విప్పి, వెలుతురుకు పట్టి చూస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"శుభ్రం చేస్తున్నా."

"ఇవి వాడు పోయిన చోటివి కావు. చెప్పానుగా."

"తెలుసండీ."

"మరెందుకు చూడ్డం?"

"చూడకుండా ఎలా కొయ్యను? మీరే చెప్పండి."

యాసుజి తెర తీసుకుని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. అతనికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కొనే దిక్కులేక ఊరి జాలర్లు పారబోస్తున్న మలుగుల్ని కూడా కినుయె చాటుగా తెప్పించి, కోసి చూస్తోంది.

నలభై తొమ్మిదో రోజు కర్మ జరిగింది. అస్థికల కుండలో అస్థికలు లేక షిగెకి టోపీ పెట్టారు. గుడి నుంచి అందరూ భోజనానికి ఇసోయాకే వచ్చారు. ఆ పూటకు దుకాణం మూసి, బల్ల ముందు వరసగా కూర్చోబెట్టారు. కినుయె, షిగెకిల తల్లి, ఎనభై దాటిన తొమె, పక్కన ఆమె కోడలు మిచియో, చివర్న గుడి పూజారి. యాసుజి తెల్లచేపతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెడుతూ వచ్చాడు.

"అల్లుడూ, మలుగు పెట్టు," అంది తొమె.

యాసుజి చేతులు ఆగిపోయాయి. "అత్తయ్యా, అది పై ఊరిది..."

"పై ఊరిది నాకెందుకయ్యా? మన రేవుది పెట్టు."

"మన రేవుది లేదు."

"ఉంది," అని తెర వెనక నుంచి వినిపించింది. కినుయె పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది. యాసుజి ఆమె మొహంలోకి చూశాడు. పళ్లెం అందుకోవడం తప్ప ఏం చేయాలో అతనికి తోచలేదు.

తొమె ముక్కను చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంది. పళ్లు లేని నోటితో చాలాసేపు నమిలింది.

"ఎవరెవరో తినడం దేనికి? వాణ్ని నేను కన్నాను. నేనే తింటాను."

మిచియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తింది. కినుయె వెంటపడి భుజం పట్టుకోబోయింది.

"ముట్టుకోకండి వదినా! ఆ చేతులతో నన్ను ముట్టుకోకండి."

కినుయె ఒక్కతే వెనక్కి వచ్చింది. పూజారి తల వంచుకుని కూర్చున్నాడు. తొమె ఇంకో ముక్క అడిగి, పక్కన ఖాళీ అయిన చోటును చేత్తో తట్టింది.

"ఇలా కూర్చోవే. నువ్వూ తిను."

అన్నేళ్లలో కినుయె ఆ బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. యాసుజి ఆమె వైపు చూడకుండా ముక్క పెట్టాడు. ఆమె తిన్నది. రుచిగా ఉంది. ఆ రుచిని ఆమె తరువాతెప్పుడూ క్షమించలేకపోయింది.

కొత్త సంవత్సరం రాకముందే మిచియో జలసంధి అవతలి పుట్టింటికి వెళ్లిపోయింది. తొమె చలికాలంలో మంచం పట్టి, ప్లమ్ పూలు రాలేనాటికి పోయింది. షిగెకి దొరకనే లేదు. యాసుజి తనంతట తనే పలక మీద మలుగు పేరు తుడిచేశాడు. రైలెక్కి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వెనక పని లేక కినుయె ముందు గదిలో టీ పోయసాగింది. కొత్తవాళ్లెవరైనా మలుగు అడిగితే, "మా దగ్గర లేదండీ," అని కప్పు నింపి పక్కకు తప్పుకునేది.

చాలా ఏళ్లకు అవతలి ఒడ్డుకు వెళ్లే పెద్ద పడవలో, లోపలి గదిలో మిచియో కనిపించింది. కినుయె లేచి తల వంచింది. మిచియో కూడా వంచింది, ముక్కూమొహం తెలియని మనిషికి వంచినట్టు. ఆ తరువాత తలుపు తీసుకుని బయట గాలిలోకి వెళ్లిపోయింది. వాన పడుతున్నా మళ్లీ లోపలికి రాలేదు. కినుయె రేవు వచ్చేదాకా తన చోటు నుంచి కదల్లేదు.